కాల్షియం లోపలికి వస్తే అడ్రినల్ కణం హార్మోన్ ఎందుకు వదులుతుంది? పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది

నాగావళి_గట్టు
ఎమ్మెస్సీ జువాలజీ మొదటి ఏడాది, శ్రీకాకుళం. మొన్న ఇంటర్నల్స్‌లో పది మార్కుల ప్రశ్న ఇచ్చారు: అడ్రినల్ కణాల్లో కాల్షియం ప్రవేశం హార్మోన్ స్రావాన్ని ఎలా నియంత్రిస్తుంది? నా దగ్గరున్న పుస్తకంలో దీని మీద ఉన్నది ఒకే వాక్యం. "కాల్షియం అయాన్లు కణంలోకి ప్రవేశించగానే హార్మోన్ విడుదలవుతుంది." దాన్నే సాగదీసి పేజీన్నర రాశాను. మూడు మార్కులు వేశారు. మార్కులు పోయినందుకు కాదు నా బాధ. ప్రవేశించగానే ఎందుకు విడుదలవ్వాలి? మధ్యలో ఏం జరుగుతోంది? ఎవరూ చెప్పరేం?

ఇంట్లో ఇంకో తంటా వచ్చింది. ఎముకలు పలచబడ్డాయని అమ్మకి డాక్టరుగారు కాల్షియం మాత్రలు రాశారు. మా వీధిలో ఒకావిడ "కాల్షియం ఎక్కువైతే అడ్రినల్ రెచ్చిపోయి బీపీ పెరుగుతుంది" అందట. అమ్మ వారం రోజులుగా మాత్ర మానేసింది. "నువ్వు చదివేది అదే కదా, నిజమేనా చెప్పు" అని నన్నే అడిగింది. చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

పలాస_జీడిపప్పు
నేను కామర్స్. అయినా కూర్చున్నాను, చెప్పండి. అడ్రినల్ అంటే భయమేసినప్పుడు గుండె దడదడలాడించేదే కదా?

గంటస్తంభం_77
ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పి రిటైరయ్యాను బాబూ. నీ పుస్తకం మీద నీకు కోపం రావడంలో తప్పు లేదు.

ముందు గ్రంథిని చూడు. కిడ్నీ మీద టోపీలా కూర్చుని ఉంటుంది, ఒక్కోటీ నాలుగైదు గ్రాములు. కోసి చూస్తే రెండు గ్రంథులు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉన్నట్టు కనిపిస్తుంది. పైన పసుపు రంగులో వల్కలం, లోపల దవ్వ. వల్కలంలో ఆల్డోస్టిరాన్ (కిడ్నీ చేత ఉప్పుని ఆపించి పొటాషియాన్ని బయటికి పంపించేది), కార్టిసాల్ లాంటి స్టిరాయిడ్లు. దవ్వలో క్రోమాఫిన్ కణాలు, వాటిలో అడ్రినలిన్. జీడిపప్పుగారు చెప్పిన గుండెదడ ఈ దవ్వది.

ఇక కాల్షియం. రక్తంలో, కణాల బయట ఉన్న ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం సుమారు 1.2 మిల్లీమోలార్. కణం లోపల అది 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది. అంటే బయట పది వేల రెట్లకు పైగా ఎక్కువ. గొట్టా బ్యారేజీ పైన వంశధార నిండుగా నిలబడి ఉంటే, కింద కాలవ ఎండి ఉన్నట్టు. షట్టరు కొంచెం ఎత్తితే చాలు, నీళ్లని ఎవరూ తొయ్యక్కర్లేదు.

దవ్వలో షట్టరు ఎలా లేస్తుందంటే: మెదడు కబురు మోస్తూ వెన్నుపాము నుంచి వచ్చిన నరం క్రోమాఫిన్ కణం మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతుంది. దానితో కణం పొరలో సోడియం దారులు తెరుచుకుంటాయి. పొర మీది వోల్టేజీ మారుతుంది. ఆ మార్పుకి తెరుచుకునే కాల్షియం ఛానళ్లు వేరే ఉన్నాయి. అవి తెరుచుకుంటే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అప్పుడే అడ్రినలిన్ బయటికి వస్తుంది.

నాగావళి_గట్టు
ఇక్కడిదాకా అర్థమైంది మాస్టారూ. నాకు అడ్డుపడేది ఆఖరి వాక్యమే. కాల్షియమే కారణమని ఎలా తేల్చారు? వోల్టేజీ మారడం వల్లే విడుదలై ఉండొచ్చు కదా, కాల్షియం ఊరికే పక్కన వచ్చిందేమో.

గంటస్తంభం_77
మంచి ప్రశ్న అడిగావు. 1961లో విలియం డగ్లస్, రొనాల్డ్ రూబిన్ సరిగ్గా ఇదే తేల్చారు. పిల్లి అడ్రినల్ గ్రంథిలోకి ఉప్పు ద్రావణం పారించి, బయటికి వచ్చే ద్రవంలో అడ్రినలిన్ ఎంత ఉందో కొలిచారు. ఎసిటైల్‌కోలిన్ ఇస్తే అడ్రినలిన్ వచ్చింది. ద్రావణంలోంచి కాల్షియం తీసేసి అదే ఎసిటైల్‌కోలిన్ ఇస్తే రాలేదు. ఇంకో గమ్మత్తు కూడా చూశారు. కొంతసేపు కాల్షియం లేకుండా ఉంచిన గ్రంథికి ఎసిటైల్‌కోలిన్ ఏమీ లేకుండా కాల్షియం ఒక్కటే తిరిగి ఇస్తే, అడ్రినలిన్ దానంతటదే వచ్చింది. నరం కబురుకీ స్రావానికీ మధ్య లంకె కాల్షియమేనని అప్పుడు గట్టిపడింది.

తోటపల్లి_షట్టర్
నాకు బయాలజీ రాదు. ఇరవై రెండేళ్లుగా కాలవల మీద పని. మాస్టారు బ్యారేజీ పోలిక తెచ్చారు కాబట్టి ఒక అనుమానం. మదుం ఎత్తినప్పుడు షట్టరు కింద నీళ్లు నురగలు కక్కుతూ నడుంలోతు ఉంటాయి. ఇరవై గజాలు నడిస్తే పాదం తడుస్తుంది అంతే. కణంలో కూడా అలాగే ఉంటుందా, లేక లోపలంతా ఒక్కసారే నిండిపోతుందా?

పిప్పెట్_పిల్ల
తోటపల్లిగారూ, ఈ ఒక్క మాట కోసం లాగిన్ అయ్యాను. మీరు అడిగింది ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

మాది రాజాం. క్రోమాఫిన్ కణాల మీద అయిదేళ్లు పని చేశాను. ఛానల్ తెరుచుకున్న ఆ క్షణం, దాని నోటి దగ్గర కాల్షియం పదుల మైక్రోమోలార్ దాకా వెళుతుంది. అక్కడి నుంచి కొంచెం దూరం జరిగితే, మీటరులో కోటి వంతుల లెక్కలో జరిగినా చాలు, బాగా పడిపోతుంది. కణం మొత్తానికి సగటు తీస్తే ఒక మైక్రోమోలార్ కూడా దాటకపోవచ్చు. అందుకే అడ్రినలిన్ కణికల్లో షట్టరు నోటి దగ్గర సిద్ధంగా ఉన్నవే ముందు పేలుతాయి. వెనకున్నవి తమ వంతు కోసం ఆగాలి.

కాల్షియం ఎంత వచ్చిందన్నదే కాదు, ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నది కూడా చూడాలి. నాగావళిగారూ, అమ్మగారి ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

తోటపల్లి_షట్టర్
అయితే చివరి మడి రైతు కష్టం అక్కడ కూడా ఉందన్నమాట. చాలా సంతోషం అమ్మా.

పలాస_జీడిపప్పు
కణిక అంటే ఏమిటి? గోలీ లాంటిదా?

పిప్పెట్_పిల్ల
పొర చుట్టుకున్న చిన్న సంచి. ఆవు క్రోమాఫిన్ కణంలో ఇవి వేలల్లో ఉంటాయి, ఒక్కోటీ సుమారు 300 నానోమీటర్లు. ఒక్క సంచిలో అడ్రినలిన్ అణువులు 30 లక్షల దాకా. అంత కిక్కిరిసి ఉన్నా సంచి పగలకుండా ఉండడానికి అడ్రినలిన్‌తో పాటు ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే అణువు), క్రోమోగ్రానిన్ అనే ప్రోటీను, కాల్షియం కూడా లోపల సర్ది ఉంటాయి.

గంటస్తంభం_77
ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. కండరంలో ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. క్లాసులో ఏటీపీ అనే మాట పలికిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పేవాణ్ణి. మీరూ చెప్పండి.

ఉద్దానం_కొబ్బరి
సంచి ఉంది, కాల్షియం వచ్చింది. మరి సంచి మూతి ఎవరు విప్పుతున్నారు? కాల్షియం కత్తెర కాదు కదా.

పిప్పెట్_పిల్ల
మీ ఊరివాళ్లకి నులక పేనడం తెలుసు కదా, దానితోనే చెబుతాను.

సంచి పొర మీద ఒక ప్రోటీను పోగు ఉంటుంది, సినాప్టోబ్రెవిన్. కణం పొర వైపు సింటాక్సిన్ ఒక పోగు, స్నాప్-25 రెండు పోగులు. ఈ నాలుగూ ఒకదాన్నొకటి మెలివేసుకుంటాయి. మెలిక బిగిసేకొద్దీ సంచి పొర, కణం పొర దగ్గరికి లాక్కుంటాయి. రెండు పొరలూ కలిసిపోతే కన్నం పడుతుంది, సరుకు బయటికి పోతుంది. అయితే మెలిక సగంలో ఆగి ఉంటుంది. దాన్ని కాచుకుని కూర్చునేది సినాప్టోటాగ్మిన్. కాల్షియం అయాన్లు వచ్చి దీనికి అంటుకోవాలి. ఒకటి వస్తే చాలదు, కొన్ని కలిసి రావాలి. అప్పుడు మిగతా మెలిక ఒక్కసారిగా బిగుస్తుంది. కొన్ని కలిసి రావాలి కాబట్టే కాల్షియం రెట్టింపైతే స్రావం రెట్టింపుతో ఆగదు, దానికన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది.

ముడతలు పోవడానికి ముఖానికి వేసుకునే బొటాక్స్ ఉంది కదా, అది స్నాప్-25 పోగునే తెంచుతుంది. క్రోమాఫిన్ కణంలోకి ఆ విషాన్ని పంపితే కాల్షియం ఎంత వచ్చినా స్రావం బాగా తగ్గిపోతుంది. అంటే కాల్షియం కబురు తెచ్చేది మాత్రమే, పని చేసేది ఆ తాడు.

ఈ సంచుల రవాణా గుట్టు విప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, జూడోఫ్‌లకి నోబెల్ ఇచ్చారు.

ఉద్దానం_కొబ్బరి
నాలుగు పోగుల నులక. ఇక మర్చిపోను.

సిరిమాను_చూపు
అందరూ ఒకే మాట మీద ఉన్నారు గానీ నేను ఒప్పుకోను. బయట కాల్షియం ఎక్కువ ఉంటే లోపలికి ఎక్కువ వస్తుంది. లోపలికి ఎక్కువ వస్తే అడ్రినలిన్ ఎక్కువ. మీ లెక్క ప్రకారమే వీధిలో ఆవిడ చెప్పింది నిజమవుతుంది కదా? మా మేనత్తకి రక్తంలో కాల్షియం 12 వచ్చింది, బీపీ కూడా ఎక్కువే ఉండేది. కళ్లారా చూశాను. అప్పటి నుంచి మా ఇంట్లో కాల్షియం మాత్ర ఎవరూ ముట్టరు.

మందుల_కొట్టు
మీ మేనత్తగారికి 12 ఎందుకు వచ్చింది? మాత్రల వల్లేనా?

సిరిమాను_చూపు
మాత్రలేమీ వాడలేదు. మెడలో ఏదో గ్రంథి పెరిగిందని ఆపరేషన్ చేశారు.

మందుల_కొట్టు
అది పారాథైరాయిడ్ అయి ఉంటుంది. రక్తంలో కాల్షియాన్ని డెసీలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య పట్టి ఉంచేది ఆ గ్రంథే. అదే చెడితే కాల్షియం పెరుగుతుంది, దానితో బీపీ పెరిగేవాళ్లూ ఉన్నారు. మీరు చూసింది నిజమే. కానీ ఆ గ్రంథి బాగున్న మనిషి 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో కాల్షియం కొద్దిగా కదిలి మళ్లీ సర్దుకుంటుంది. మిగిలింది ఎముకలోకో మూత్రంలోకో పోతుంది.

గంటస్తంభం_77
సిరిమాను బాబూ, నీ తర్కంలో ఒక మెట్టు తప్పింది. బ్యారేజీలో నీటిమట్టం ఒక జానెడు పెరిగినంత మాత్రాన షట్టరు దానంతటదే లేవదు. ఎత్తేవాడు ఎత్తాలి. ఇక్కడ ఎత్తేది నరం. మీ ఊళ్లోనే చూడు. పైడితల్లి అమ్మవారి పండగనాడు సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోట వైపు కదిలినప్పుడు, జనం ఒక్కసారి ఒరుసుకుంటే గుండె నోట్లోకి వస్తుంది. ఆ క్షణాన నీ రక్తంలో కాల్షియం ఏమీ పెరగలేదు. కబురు వచ్చింది, షట్టర్లు లేచాయి.

సిరిమాను_చూపు
మేనత్త సంగతి వేరని ఒప్పుకుంటున్నాను. కానీ షట్టరు ఎత్తి ఉన్నప్పుడు మట్టం ఎక్కువుంటే ఎక్కువ నీళ్లు రావా? దానికి జవాబు రాలేదు.

పిప్పెట్_పిల్ల
వస్తాయి. మీ ప్రశ్న సరైనదే. ప్రయోగశాలలో బయట కాల్షియాన్ని సగానికి తగ్గిస్తే స్రావం తగ్గడం, పెంచితే కొంతవరకు పెరగడం చూస్తాం. కానీ అక్కడ మేం చేసే మార్పు రెట్లలో ఉంటుంది. ఒంట్లో మాత్ర వల్ల వచ్చేది అందులో చాలా చిన్న భాగం. పైగా కాల్షియం ఎక్కువగా వస్తే దానికి బ్రేకు కూడా కాల్షియమే వేస్తుంది. లోపలికి వచ్చిన కాల్షియం, దాన్ని పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీనుతో కలిసి కొన్ని రకాల ఛానళ్లని మూసేస్తుంది. ఇంకోపక్క మైటోకాండ్రియాలు, పొరలోని పంపులు వచ్చింది వచ్చినట్టు తోడేస్తుంటాయి.

సిరిమాను_చూపు
ఇప్పుడు సరిపోయింది. ఇంట్లో చెబుతాను.

పలాస_జీడిపప్పు
పిప్పెట్ అక్కా, ఇదంతా కంటితో చూశారా, లెక్కలు కట్టారా?

పిప్పెట్_పిల్ల
చూశాను తమ్ముడూ. నాకు ఇప్పటికీ కళ్లముందు ఆడేది ఒకటుంది, అది చెబుతాను.

కబేళా నుంచి ఐసులో పెట్టి తెచ్చిన ఆవు అడ్రినల్స్. తెల్లారకముందే వెళ్లి తెచ్చుకునేవాళ్లం, ఆలస్యమైతే కణాలు చచ్చిపోతాయి. ఎంజైమ్‌తో కరిగించి కణాలు విడదీసి, రెండు మూడు రోజులు పెంచితే గిన్నె అడుగున గుండ్రంగా, సగ్గుబియ్యంలా కూర్చుంటాయి. ఒక కణాన్ని ఎంచుకుని, వెంట్రుక కన్నా చాలా సన్నని కార్బన్ పోగు కొనని దానికి తాకీ తాకనట్టు ఆనించాలి. ఊపిరి బిగబట్టి చేసేదాన్ని. సంచి పేలి అడ్రినలిన్ పోగుకి తగిలితే, అక్కడే ఆక్సీకరణం చెంది కొంచెం కరెంటు వస్తుంది. తెర మీద గీత చివాల్న లేచి పడుతుంది. ఒక్క గీత అంటే ఒక్క సంచి.

మొదట పొటాషియం ఎక్కువున్న ద్రావణం ఒక చుక్క ఊదుతాం. అది వోల్టేజీని మార్చి షట్టర్లు ఎత్తిస్తుంది. గీతలు టపటపా లేస్తాయి. తర్వాత బయటి ద్రావణంలోంచి కాల్షియం తీసేసి, మిగిలిన ఆనవాళ్లని పట్టేసే ఈజీటీఏ కలిపి, అదే చుక్క ఊదుతాం. గీత కదలదు. బల్లపరుపు. కణం బతికే ఉంది, సంచులన్నీ ఉన్నాయి, వోల్టేజీ మారింది. కాల్షియం లేదు, అంతే. మళ్లీ 2 మిల్లీమోలార్ కాల్షియం ఇచ్చి ఊదితే మళ్లీ టపటపా.

కొన్ని గీతల మొదట్లో చిన్న మెట్టు ఉంటుంది. పూర్తిగా లేచేముందు కాస్త ఎత్తుకి వెళ్లి ఆగినట్టు. సంచికి కన్నం పడింది గానీ ఇంకా విచ్చుకోలేదు, అందులోంచి అడ్రినలిన్ సన్నగా కారుతోందన్నమాట. ఆ మెట్టు మొదటిసారి నా తెర మీద కనిపించిన రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ "సరే తల్లీ, ముందు తిను" అంది.

లేబర్_రూమ్_సిస్టర్
డ్యూటీ దిగి చదువుతున్నాను. మీరు కాల్షియం తీసేస్తే ఆగిపోతుందన్నారు కదా. మేం మందుతో దాదాపు అలాంటి పనే రోజూ చేస్తుంటాం అనిపించింది. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మేగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. ఇచ్చాక మోకాలి చిప్ప కింద తట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తాం, ఊపిరి లెక్కపెడతాం, మూత్రం కొలుస్తాం. మోతాదు మించితే విరుగుడు కాల్షియం గ్లూకోనేటే. ట్రేలో ఆ ఇంజక్షన్ లేకుండా మేగ్నీషియం మొదలుపెట్టనివ్వను. ఎందుకు అదే విరుగుడు అని మా జూనియర్ పిల్లలు అడుగుతారు. ఎదురుబొదురని చెప్పేదాన్ని. అంతకన్నా బాగా చెప్పొచ్చా?

పిప్పెట్_పిల్ల
చెప్పొచ్చు సిస్టర్. మేగ్నీషియం కాల్షియం దారికి అడ్డు నిలబడుతుంది. నరం కొనల్లో కాల్షియం ప్రవేశం తగ్గితే ఎసిటైల్‌కోలిన్ సంచులు తక్కువ పేలతాయి, అందుకే మోకాలు ఎగరదు. కాల్షియం ఎక్కువ ఇస్తే మళ్లీ దారి దొరుకుతుంది. క్రోమాఫిన్ కణాల్లోనూ మేగ్నీషియం అడ్రినలిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. అందుకే ఫియోక్రోమోసైటోమా, అంటే దవ్వలో అడ్రినలిన్ వరదలా వదిలే గడ్డ, దాన్ని తీసేటప్పుడు మత్తు డాక్టర్లు కొందరు మేగ్నీషియం వాడతారు.

లేబర్_రూమ్_సిస్టర్
రేపు చిప్ప తట్టేటప్పుడు పిల్లలకి ఈ మాటే చెబుతాను.

మందుల_కొట్టు
ఆమ్లోడిపిన్ సంగతి కూడా చెప్పాలి, కొట్టుకి వచ్చి చాలామంది అడుగుతారు. "కాల్షియం ఛానల్ బ్లాకర్" అని ఎక్కడో చదివి, కాల్షియం మాత్ర, ఈ మాత్ర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయేమో అని భయపడతారు. మామూలు మోతాదులో ఆ భయం అక్కర్లేదు. ఆమ్లోడిపిన్ ఎల్-రకం ఛానళ్లని మూస్తుంది, పని ముఖ్యంగా రక్తనాళాల గోడల్లో. క్రోమాఫిన్ కణానికి ఎన్, పీ/క్యూ రకాలు కూడా ఉన్నాయి. ఒక దారి ఇరుకైనా మిగతావి ఉంటాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం కాల్షియం మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఇవ్వండి. ఇది నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి, దీన్ని మాత్రం ఎవరూ అడగరు.

బొబ్బిలి_వీణ
అందరూ దవ్వ దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో కథ వల్కలంది.

మా అన్నయ్యకి 36 ఏళ్లకే బీపీ. మూడు రకాల మాత్రలు వేసినా 160కి తగ్గేది కాదు. ఒకరోజు పొద్దున్న మంచం మీంచి లేవబోతే కాళ్లు నిలవలేదు, కూలబడిపోయాడు. పక్షవాతం అనుకుని వదిన ఏడుపు. పరీక్ష చేస్తే పొటాషియం 2.4. ఒక ఆసుపత్రిలో సెలైన్‌లో పొటాషియం ఎక్కించి పంపేశారు, ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు. ఇలా రెండుసార్లు. ఆ ఏడాదంతా మాకు టెన్షనే. చివరికి విశాఖలో ఒక డాక్టరుగారు ఆల్డోస్టిరాన్, దాన్ని పెంచమని కిడ్నీ వదిలే రెనిన్, రెండు పరీక్షలూ చేయించారు. ఆల్డోస్టిరాన్ ఎక్కువ, రెనిన్ దాదాపు లేదు. స్కాన్‌లో ఎడమ అడ్రినల్ మీద ఉసిరికాయలో సగం గడ్డ. తీసేశారు. ఇప్పుడు ఒక్క మాత్ర.

నాకు తెలిసినంతవరకు ఆ గడ్డ కణాల్లో కూడా కాల్షియం వల్లే సంచులు ఆగకుండా పేలిపోతుంటాయి.

గంటస్తంభం_77
మీ అన్నయ్య కోలుకున్నందుకు సంతోషం. ఒక్క దిద్దుబాటు. వల్కలం కణాల్లో ఆల్డోస్టిరాన్ నింపిన సంచులు ఉండవు. స్టిరాయిడ్లు కొవ్వులో కరిగేవి, పొరలోంచి తేలిగ్గా జారిపోతాయి, దాచడం కుదరదు. కావలసినప్పుడు కొలెస్టరాల్ నుంచి అప్పటికప్పుడు చేసుకోవాల్సిందే.

నాగావళి బాబూ, నీకు మార్కులు తగ్గింది ఇక్కడేనని నా అనుమానం. "విడుదలవుతుంది" అనే మాట దవ్వకి సరిపోతుంది. వల్కలానికి "తయారవుతుంది" అని రాయాలి. దవ్వ స్వీట్ల కొట్టు, కట్టిన పొట్లాలు సిద్ధంగా ఉంటాయి. వల్కలం అట్ల పెనం. అడిగాక పోస్తారు.

నాగావళి_గట్టు
సంచులే లేకపోతే అక్కడ కాల్షియం ఏం చేస్తుంది మాస్టారూ?

పిప్పెట్_పిల్ల
నేను చెబుతాను. వల్కలంలో బయటి పొరని జోనా గ్లామెరులోసా అంటారు, ఆల్డోస్టిరాన్ అక్కడే. ఈ కణాలు పొటాషియానికి మహా సున్నితం. రక్తంలో పొటాషియం 4 నుంచి 5 మిల్లీమోలార్‌కి పెరిగితే పొర వోల్టేజీ లెక్క ప్రకారం 6 మిల్లీవోల్టులు కదులుతుంది. వేరే కణమైతే పట్టించుకోదు. ఇక్కడ టీ-రకం కాల్షియం ఛానళ్లున్నాయి, అవి అంత చిన్న కదలికకే తెరుచుకుంటాయి. రెనిన్ వల్ల రక్తంలో తయారయ్యే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ వచ్చినా అంతే, ముందు కణం లోపలి నిల్వలోంచి కొంత కాల్షియం వదులుతుంది, తర్వాత బయటి నుంచి వచ్చేది దాన్ని నిలబెడుతుంది.

వచ్చిన కాల్షియం కాల్మోడ్యులిన్‌తో కలిసి కైనేజ్ ఎంజైములని లేపుతుంది. స్టార్ అనే ప్రోటీను కొలెస్టరాల్‌ని మైటోకాండ్రియా లోపలికి చేర్చడం అప్పుడు ఊపందుకుంటుంది. అది నిమిషాల్లో జరిగే పని. గంటలు గడిచేకొద్దీ ఆల్డోస్టిరాన్ తయారుచేసే ఎంజైము జన్యువు కూడా ఎక్కువ పని చేస్తుంది. దవ్వలో మిల్లీసెకన్లు, ఇక్కడ నిమిషాలూ గంటలూ.

వీణగారూ, మీ అన్నయ్య లాంటి గడ్డలని 1955లో జెరోమ్ కాన్ మొదట వర్ణించారు. కారణం దొరికింది 2011లో. చాలా గడ్డల్లో కేసీఎన్‌జే5 అనే పొటాషియం ఛానల్ జన్యువులో తప్పు ఉంది. పొటాషియాన్ని మాత్రమే పోనివ్వాల్సిన దారి సోడియాన్ని లోపలికి రానిస్తుంది. వోల్టేజీ మారిపోతుంది, కాల్షియం షట్టర్లు దిగవు, కబురు లేకపోయినా పెనం మీద అట్లు పడుతూనే ఉంటాయి. కొన్ని గడ్డల్లో తప్పు కాల్షియం ఛానల్‌లోనే ఉందని 2013లో తేలింది. మీ అన్నయ్య గడ్డలో ఏది ఉందో జన్యు పరీక్ష చేస్తే తప్ప చెప్పలేం.

బొబ్బిలి_వీణ
సంచులు కాదన్నమాట. నాలుగేళ్లుగా అందరికీ తప్పే చెబుతున్నాను, దిద్దుకుంటాను. చిన్న వయసులో బీపీ, పొటాషియం తక్కువ, మూడు మాత్రలకీ లొంగకపోవడం, ఈ మూడూ ఎవరికైనా ఉంటే ఆల్డోస్టిరాన్ పరీక్ష అడగండి. మా వదిన ఏడుపు ఇంకో ఇంట్లో వినబడకూడదు.

ఉద్దానం_కొబ్బరి
పొటాషియం అనగానే ఆగిపోయాను. మాది కవిటి దగ్గర. నాన్నకి కిడ్నీలు నాలుగేళ్లుగా దెబ్బతిని ఉన్నాయి. మా ఊళ్లో ఇంటికొకరున్నట్టే. చుట్టూ కొబ్బరితోటలు, నాన్న స్వయంగా పెంచిన చెట్లు, బొండాం మాత్రం తాగకూడదు. పొటాషియం పెరుగుతుందని డాక్టరు చెప్పారు. ఆల్డోస్టిరాన్ పొటాషియాన్ని బయటికి పంపుతుంది కదా, పెరిగితే అడ్రినల్ చూసుకోదా అని నాన్న అడిగితే ఏం చెప్పను?

గంటస్తంభం_77
అడ్రినల్ తన పని తాను చేస్తుంది నాయనా. పొటాషియం పెరిగింది, కాల్షియం లోపలికి వచ్చింది, ఆల్డోస్టిరాన్ తయారై కిడ్నీకి చేరింది. కానీ ఆ ఆజ్ఞ అమలు చెయ్యాల్సింది కిడ్నీ గొట్టాలు. అవే దెబ్బతింటే ఆజ్ఞ వచ్చినా పని జరగదు, పొటాషియం రక్తంలోనే ఉండిపోతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. బొండాం నీళ్లలో వంద మిల్లీలీటర్లకి సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక్క బొండాం అంటే ఎంతవుతుందో చూడు.

మందుల_కొట్టు
బీపీకి, కిడ్నీకి వాడే కొన్ని మాత్రలు, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటివి, ఈ ఆల్డోస్టిరాన్ దారినే తగ్గిస్తాయి. అవి మంచివే, కానీ వాటితో పొటాషియం ఇంకా పెరగొచ్చు. నాన్నగారు ఏవి వాడుతున్నారో చూసి, పొటాషియం పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలో డాక్టరుని అడగండి. మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపొద్దు.

ఉద్దానం_కొబ్బరి
టెల్మిసార్టన్ వాడుతున్నారు. సోమవారం డయాలసిస్ దగ్గర అడుగుతాను. నాన్నకి కారణం చెబితే వింటాడు. ఊరికే వద్దంటే ఊరుకోడు.

పలాస_జీడిపప్పు
కార్టిసాల్‌ని ఎవరూ పట్టించుకోలేదు. టెన్షన్ హార్మోన్ అంటారు కదా, అది కూడా కాల్షియంతోనేనా?

పిప్పెట్_పిల్ల
అక్కడ పెద్దరికం కాల్షియానిది కాదు. మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వస్తుంది, కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది, తయారీ మొదలవుతుంది. కాల్షియం చెయ్యి వేస్తుంది గానీ ముందు నిలబడదు.

నాగావళి_గట్టు
రెండు రోజులుగా ఇవన్నీ కాగితం మీద పెట్టుకుంటున్నాను. నిన్న రాత్రి అమ్మకి చెప్పాను. బ్యారేజీ, షట్టరు, కబురు అన్నీ చెబితే శ్రద్ధగా విని, "మరి ఆ కబురు నా మాత్ర తేదు కదా" అంది. తేదు అన్నాను. అయినా నా మాట మీద కాకుండా డాక్టరుగారికి ఫోన్ చేయించాను. కాల్షియం రిపోర్టు 9.2 ఉంది, వాడమన్నారు. పొద్దున్న టిఫిన్ తర్వాత వేసుకుంది.

ప్రశ్నకి జవాబు మళ్లీ రాశాను, ఈసారి మార్కుల కోసం కాదు. బొమ్మ కూడా వేసి కింద పెట్టాను. ఎడమ పక్క దవ్వ కణం, సంచులు, నాలుగు పోగుల మెలిక. షట్టరు నోటి దగ్గర కాల్షియం చుక్కలు దట్టంగా, దూరం వెళ్లేకొద్దీ పలచగా వేశాను. కుడి పక్క వల్కలం కణాలు రెండు, ఆల్డోస్టిరాన్‌ది, కార్టిసాల్‌ది. వాటిలో ఒక్క సంచి కూడా వెయ్యలేదు.

తోటపల్లి_షట్టర్
షట్టరు కింద నురగ బాగా వచ్చింది.

పిప్పెట్_పిల్ల
ఎడమ పక్క మైటోకాండ్రియాని షట్టరుకి దగ్గరగా వెయ్యండి. కాల్షియాన్ని తోడేసేది అది కూడా.

గంటస్తంభం_77
కార్టిసాల్ కణంలో మైటోకాండ్రియా లోపల అరల్లా మడతలు వేశావు. స్టిరాయిడ్ చేసే ఆ కణంలో అవి గొట్టాల్లా ఉంటాయి. పక్కనున్న ఆల్డోస్టిరాన్ కణంలో నువ్వు వేసిన మడతలు ఉండనివ్వు. అది దిద్ది మళ్లీ పెట్టు, మా మనవరాలికి చూపించాలి.

నాగావళి_గట్టు
రెండూ దిద్దాను మాస్టారూ. పైన పాతది తీసేసి కొత్తది పెట్టాను.